దండెం మీదికి రాని గుడ్డ

కోయంబత్తూరులో మా ఇంట ఆ నాలుగు రోజులకూ మూడు మాటలు వాడుకలో ఉండేవి. పెద్దవాళ్ళు "బయటుంది" అనేవారు. చిన్నపిల్లలు ఎందుకని అడిగితే "కాకి ముట్టింది" అని సరిపెట్టేవారు. పక్కింటి తమిళులతో మాట్లాడేటప్పుడు "దూరం" అనేవారు, ఆ మాట రెండు భాషలకూ ఒకటే గనుక. "ముట్టు" అన్న అసలు మాటను మాత్రం మా అవ్వ ఒక్కతే నోరారా అనేది. తరువాత నేను ఉద్యోగానికి బెంగుళూరు వెళ్ళినప్పుడు కన్నడంవాళ్ళూ ముట్టు అనే అంటారని తెలిసి, అవ్వ మాట ఇక్కడ దొరికిందే అనుకున్నాను. పూనాలో స్థిరపడిన మా చిన్నమ్మ ఒకసారి వచ్చినప్పుడు మరాఠీలో "కావళా శివలా" అంటారని చెప్పింది. అంటే కాకి ముట్టిందనే. ఇన్ని భాషల్లో ఆ పాపమంతా కాకి మీదికే నెట్టారు.

ఈ వ్యాసానికి కారణం మా అక్క మనవరాలు. ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉంటోంది. సెలవులకు వచ్చినప్పుడు ఒక చిన్న సిలికాన్ గిన్నెను పొయ్యి మీద నీళ్ళలో వేసి ఉడకబెడుతుంటే, అదేమిటే అని అడిగాను. చెప్పింది. చెప్పి ఊరుకోక, "మీ కాలంలో ఏం వాడేవాళ్ళు చిన్నవ్వా? అంతకు ముందు మీ అవ్వ ఏం వాడేది?" అంది. ఒక్క మాటలో జవాబు రాలేదు. రాజుల చరిత్ర చదువుకున్నాం, మిల్లుల చరిత్ర కూడా కొంత చదివాం. ఈ గుడ్డ చరిత్ర ఎవరూ రాసిపెట్టలేదు. నాకు తెలిసినంత, చదివినంత ఇక్కడ రాస్తున్నాను.

మా అవ్వ నూలు మిల్లులో పనిచేసింది. 1930ల తొలి ఏళ్ళలో పైకారా జలవిద్యుత్తు వచ్చాక కోయంబత్తూరు చుట్టూ మిల్లులు వరసగా లేచాయి. వాటిని పెట్టినవాళ్ళలో తెలుగు మాట్లాడే కమ్మవారు చాలామంది. 1910లో మొదలైన లక్ష్మీ మిల్స్ వంటి పేర్లు మన పాఠకులకు కొత్తవి కావు. ఎవరు ఎప్పుడు ఏ మిల్లు పెట్టారో పుస్తకాల్లో ఉంది. ఆ మిల్లుల రీలింగులో రోజంతా నిలబడి చిలపలు చుట్టిన ఆడవాళ్ళు ఆ నాలుగు రోజులూ ఏం చేశారో లేదు.

అవ్వ చెప్పింది ఇది. ఇంట్లో బయటుంటే పసుల కొట్టం పక్కనున్న చిన్న గదిలో చాప, చెంబు, కంచం వేరుగా పెట్టేవారు. వంటింటి గడప తొక్కకూడదు, నీళ్ళ కుండ తాకకూడదు, ఊరగాయ జాడీ వైపు చూడనైనా కూడదు. పొద్దున సైరన్ కూయగానే మాత్రం మిల్లుకు పోవాలి. పోకపోతే ఆ రోజు కూలి లేదు. "మిషనుకు మైల తెలీదే అమ్మీ" అనేది. ఇంట్లో చాప తప్ప ఏదీ ముట్టుకోకూడని మనిషి మిల్లులో పొద్దుగూకులూ నూలు ముట్టుకునేది. ఆ నూలే మగ్గానికి పోయి పంచెలయ్యేది, వాటిలో కొన్ని గుడిలో దేవుడికీ కట్టి ఉంటారు. ఈ సంగతి అవ్వకు బాగానే తెలుసు. చెప్పి నవ్వేది.

వాడింది గుడ్డే. పాత పంచె మెత్తనిది చూసి మూరెడు చించి, నాలుగు మడతలు వేసి, మొలతాడుకు ముందొక కొస వెనకొక కొస దోపుకునేవారు. మిల్లు ఆడవాళ్ళకు మరో వెసులుబాటు కూడా ఉండేది. నేల మీద రాలిన పత్తి వేస్టు గుప్పెడు, గేటు దగ్గర సోదాకు దొరక్కుండా రవికలో దాచి తెచ్చుకుని గుడ్డ మడతల్లో కూరేవారు. దొరికితే జుల్మానా. పత్తి ఊరు కదా, పత్తికేం కరువు అనుకుంటాం. మిల్లు నేల మీద చెత్త కూడా మిల్లుదే.

ఇక ఉతకడం. తెల్లారుజామున ఎవరూ లేవకముందు బావి వెనక ఉతికి, కొట్టం చూరు కింద బోద సందులో ఆరేసేవారు. దండెం మీద ఆరెయ్యకూడదు. మగవాళ్ళ కళ్ళ పడితే దోషమనీ, పాము దాటితే పిల్లలు పుట్టరనీ భయం. చూరు కింద ఎండ ఉండదు. వానాకాలంలో అది నాలుగు రోజులకూ ఆరేది కాదు. చెమ్మ గుడ్డే మళ్ళీ కట్టుకోవాలి. తొడలు ఒరుసుకుపోయి పుండ్లు పడితే ఆముదం రాసుకుని మిల్లుకు నడిచేవాళ్ళు.

చదువుకున్నవాళ్ళం మేము తరువాత ఇదంతా "గుడ్డ అనారోగ్యం" అని కొట్టిపారేశాం. నేనూ కొట్టిపారేశాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పు గుడ్డది కాదనిపిస్తుంది. శుభ్రమైన నూలు గుడ్డను సబ్బుతో ఉతికి మంచి ఎండలో ఆరేసి వాడుకుంటే నిక్షేపంగా పనికొస్తుందని ఈనాటి వైద్యులూ ఒప్పుకుంటున్నారు. కోయంబత్తూరు ఎండకు రెండు గంటల్లో ఆరే గుడ్డను నాలుగు రోజులు చీకట్లో ఉంచింది మన సిగ్గు.

మా అక్క ఎనిమిదో తరగతితో బడి మానింది. అది 1970. బడిలో గుడ్డ మార్చుకునే చోటు లేదు, ఉన్న ఒక్క మరుగుదొడ్డికి తలుపు లేదు. ఒకనాడు పావడా మీద మరక చూసి మగపిల్లలు నవ్వారు. మర్నాడు పోలేదు, ఆ తరువాతా పోలేదు. లెక్కల్లో నాకన్నా చురుకైనది. ఇంట్లో ఎవరూ ఎందుకు మానావని అడగలేదు, ఎందుకో అందరికీ తెలుసు గనుక.

ఇదంతా మన వెనకబాటు అనుకునేరు. పడమటి దేశాల చరిత్ర చదివితే అక్కడా ఇదే సిగ్గు వేరే బట్టలు కట్టుకుని కనిపిస్తుంది. 1890ల చివరలో అమెరికాలో జాన్సన్ అండ్ జాన్సన్ కంపెనీ వాడి పారేసే పట్టీలు అమ్మకానికి పెట్టింది. సాగలేదు. అంగట్లో నోరు తెరిచి అడిగే ఆడది లేదు, పత్రికల్లో ప్రకటన వేయనివ్వరు. తరువాతది యుద్ధం చలవ. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాలకు కట్టడానికి పత్తి చాలక, కింబర్లీ క్లార్క్ అనే కాగితాల కంపెనీ చెక్క గుజ్జుతో దూదిలాంటి పదార్థం చేసి సైన్యానికి పంపింది. పత్తికన్నా ఎన్నో రెట్లు పీల్చుకునేది, చవక కూడా. ఫ్రాన్సులో గాయపడ్డవాళ్ళకు సేవ చేస్తున్న నర్సులు ఆ కట్లనే తమకూ వాడుకున్నారు. 1918లో యుద్ధం ఆగింది, గోదాముల్లో సరుకు మిగిలిపోయింది. దానితోనే 1920లో కోటెక్స్ పుట్టింది. అంటే సిపాయి గాయానికని చేసిన కట్టు మిగిలిపోతే ఆడవాళ్ళ దగ్గరికి వచ్చింది. అప్పుడూ అడగడానికి సిగ్గే. అంగడి బల్ల మీద ఒక డబ్బా పెట్టి, అందులో డబ్బులు వేసి మాట్లాడకుండా పెట్టె తీసుకుపోయే ఏర్పాటు చేశారు. మన అంగళ్ళలో పేపరు చుట్టి నల్ల సంచిలో పెట్టి ఇచ్చేది చూస్తే నాకు ఆ డబ్బా గుర్తొస్తుంది.

అదే 1920లో వియన్నాలో మరొకటి జరిగింది. బేలా షిక్ అని పేరున్న పిల్లల వైద్యుడు. డిఫ్తీరియా పరీక్ష ఒకటి ఆయన పేరుతోనే ఉంది. బయటున్న పనిమనిషి చేతిలో పెట్టిన పూలు వాడిపోయాయని చెప్పి, ముట్టు సమయంలో ఆడదాని ఒంట్లో ఏదో విషం ఉంటుందని రాశాడు. దానికి "మెనోటాక్సిన్" అని పేరు పెట్టి కొన్ని పదుల ఏళ్ళు పరిశోధనలు చేశారు. అలాంటి విషం లేదని చివరికి తేలింది. మా అవ్వ మల్లెచెట్టు దగ్గరికి పోనిచ్చేది కాదు, ఎండిపోతుందని. అవ్వ బడికి పోలేదు. షిక్ గారు డాక్టరీ చదివారు.

ఇప్పుడు కొత్తదని పిల్లలు చెప్పే కప్పు కూడా అంత కొత్తదేం కాదు. లియోనా చామర్స్ అనే అమెరికన్ నటి 1937లో రబ్బరు కప్పుకు పేటెంటు తీసుకుంది. అంతకు నాలుగేళ్ళ ముందే, 1933లో, కొలరాడో డాక్టరు ఎర్ల్ హాస్‌కు లోపల పెట్టుకునే దూది చుట్ట, అంటే టాంపాన్, మీద పేటెంటు వచ్చింది. చుట్ట నిలిచింది, కప్పు నిలవలేదు. 1942లో మలయా జపాను చేతికి పోయింది. రబ్బరు దొరక్క చామర్స్ వ్యాపారం మూతబడింది. ఆ మలయా తోటల్లో రబ్బరు పాలు గీసినవాళ్ళలో మన తెలుగు కూలీలూ ఉన్నారని ఈ పత్రిక పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. యుద్ధం తరువాత ఆమె మళ్ళీ ప్రయత్నించింది. వాడిందాన్ని కడిగి మళ్ళీ వాడటం అమెరికా ఆడవాళ్ళకు అప్పటికి రుచించలేదు. 1987లో ఒక రబ్బరు కప్పు మళ్ళీ అంగడికి వచ్చింది, సిలికాన్‌వి ఈ శతాబ్దంలో.

కొత్తదంతా మంచిదని కూడా అనుకోకూడదు. 1980లో అమెరికాలో రిలై అనే టాంపాన్ ఒకటి, మహా పీల్చుకుంటుందని గొప్పగా అమ్మారు. అలాంటి చుట్టల వల్ల విషపూరితమైన జ్వరం వచ్చి ఆ ఏడు ముప్పైమందికి పైగా ఆడవాళ్ళు చనిపోయారు. సెప్టెంబరులో దాన్ని వెనక్కు తీసుకున్నారు. ఎంత ఎక్కువ పీల్చేది అయితే అంతసేపు మార్చకుండా ఉంచుకుంటారు, చిక్కంతా అక్కడే.

మన దేశంలో నా చిన్నతనంలో పట్టీలంటే నడుముకు ఎలాస్టిక్ బెల్టు కట్టి కొక్కేలకు తగిలించేవి. డాక్టర్ల ఇళ్ళలో, మిషనరీ హాస్టళ్ళలో చూశాం. అంటుకునే పట్టీ అమెరికాలో 1970 ప్రాంతాన వచ్చింది. ఇక్కడ మామూలు ఇళ్ళకు చేరేసరికి 1990లు. నేను మొదటి జీతంతో కొన్న వాటిలో పట్టీల పెట్టె ఒకటి. చీర కొన్నానని ఇంట్లో చెప్పాను, పెట్టె సంగతి చెప్పలేదు. అమ్మ చూసి ధర అడిగి, "నెలనెలా ఇంత పారేస్తావా?" అంది. అమ్మ లెక్క తప్పేమీ కాదు. నాలుగు వందల నెలలు, నెలకు ఐదు రోజులు, రోజుకు మూడు అనుకుంటే ఒక మనిషికి ఆరు వేల పట్టీలు. వాటి అడుగున ఉన్న ప్లాస్టిక్కు మట్టిలో కలవదు.

మళ్ళీ కోయంబత్తూరుకే వస్తాను, ఎందుకంటే కథ అక్కడికే వచ్చింది. 1998లో అరుణాచలం మురుగానందం అనే వెల్డింగు పనివాడు, కొత్తగా పెళ్ళయినవాడు, భార్య పాత గుడ్డలు దాచుకుని పోవడం చూశాడు. అంగట్లో పట్టీ కొని విప్పి చూస్తే అందులో ఉన్నది కొన్ని గ్రాముల దూదిలాంటిది. ఇంత చిన్నదానికి అంత ధరా అనుకుని పత్తితో తానే చేశాడు. పనిచేయలేదు. పరీక్షించడానికి ఆడవాళ్ళు ఎవరూ ఒప్పుకోకపోతే, ఫుట్‌బాల్ బ్లాడరులో మేక రక్తం పోసి తన ఒంటికే కట్టుకుని తిరిగాడు. ఊరు పిచ్చివాడంది. భార్య, తల్లి కూడా కొంతకాలం విడిచిపోయారు. చాలాకాలానికి తెలిసింది, కంపెనీల పట్టీలో ఉన్నది పత్తి కాదు, పైను చెక్క గుజ్జు అని. పత్తి పీల్చుకుంటుంది గానీ ఒత్తితే వదిలేస్తుంది. ఫ్రాన్సు యుద్ధంలో నర్సులు కనిపెట్టిందే పత్తి ఊరిలో మళ్ళీ కనిపెట్టాల్సి వచ్చింది. కోట్ల యంత్రం చేసే పనికి లక్ష లోపు యంత్రం ఒకటి తయారుచేసి ఆడవాళ్ళ సంఘాలకు ఇచ్చాడు. 2016లో పద్మశ్రీ, 2018లో ఆయన కథ మీద హిందీ సినిమా. మా అవ్వ బతికుంటే, మిల్లు వేస్టు ఎందుకు కారిపోయేదో అప్పుడు తెలిసేది.

2017 జులైలో పట్టీల మీద 12 శాతం జీఎస్టీ వేశారు. కుంకుమకూ గాజులకూ పన్ను లేదు, దీనికెందుకని ఆడవాళ్ళు గోల చేస్తే ఏడాది తిరిగేసరికి, 2018 జులైలో ఎత్తేశారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 24 ఏళ్ళ వయసు ఆడపిల్లల్లో సగం మంది గుడ్డ కూడా వాడుతున్నామని చెప్పారు. ఆ సర్వేలో "ఆరోగ్యకరమైన పద్ధతుల" జాబితాలో గుడ్డ లేదు. ఎండలో ఆరేసిన గుడ్డా చూరు కింద కుళ్ళిన గుడ్డా దానికి ఒకటే. ఎక్కడ ఆరేశావు తల్లీ అని అడగడానికి ఒక గడి పెట్టి ఉంటే బాగుండేది.

నొప్పి సంగతి రాయకపోతే ఇది సగం చరిత్రే. నాకు పదమూడో ఏట మొదలైంది. మొదటి రోజు వాంతులు, నడుము విరిగిపోయేది. అవ్వ వాము, శొంఠి, బెల్లం వేసి కషాయం కాచి పోసేది, పొత్తికడుపు మీద ఆముదం రాసి వేడి గుడ్డ వేసేది. అమ్మ "పెళ్ళయి పిల్లలు పుడితే అదే పోతుంది" అనేది. ఇద్దరిలో అవ్వే సరైన దారిలో ఉందని ఇప్పుడు తెలుస్తోంది. ముట్టు సమయంలో గర్భసంచి గోడ నుంచి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి కండరాన్ని పిండుతాయి, నొప్పి దానివల్ల. ఆస్పిరిన్ జాతి మందులు వాటిని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు, 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. పొత్తికడుపు మీద కాపడం కూడా మాత్రతో సమానంగా పనిచేస్తుందని 2001లో అమెరికాలో పరీక్షించి చెప్పారు. శొంఠి పొడిని 2009లో ఇరానులో 150 మంది విద్యార్థినుల మీద పరీక్షిస్తే నొప్పి మాత్రలకు తీసిపోలేదు. ఇది చదివిన రోజు నేను అవ్వ ఫోటో దగ్గర కాసేపు నిలబడ్డాను.

అయితే కషాయానికి లొంగని నొప్పి ఉంది. నాది అలాంటిది. ఏడాదికేడాది పెరుగుతూ పోయింది. పెద్ద ఆసుపత్రిలో ఒక డాక్టరు "అందరాడవాళ్ళకూ ఉండేదే, ఓర్చుకోవాలి" అని పంపించేశాడు. ముప్పై ఒకటో ఏట మరో ఊళ్ళో ఒక డాక్టరమ్మ లోపలికి గొట్టం వేసి చూసి ఎండోమెట్రియోసిస్ అంది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట కూడా పెరిగే జబ్బు. జాన్ శాంప్సన్ అనే అమెరికా వైద్యుడు 1927లోనే దాని గురించి వివరంగా రాశాడు. నాకు నొప్పి మొదలయ్యే నాటికే దానికి పేరు ఉంది. పద్దెనిమిదేళ్ళు ఆ పేరు నాదాకా రాలేదు. 1991లో హైదరాబాదు స్త్రీల బృందం తెచ్చిన "సవాలక్ష సందేహాలు" అనే తెలుగు పుస్తకం ఆ తరువాత నా చేతికొచ్చింది. నా ఒంటి గురించి నా భాషలో చదవడం అదే మొదలు. మందులకు లొంగని, మంచం పట్టించే నొప్పి ఉన్న ఆడపిల్లలు మీ ఇంట్లో ఉంటే డాక్టరుకు చూపించండి, ఒకరు కాదంటే మరొకరికి.

విశ్రాంతి గురించి ఒక మాట. బరంపురంలో మా వియ్యాలవారున్నారు. జూన్ నడిమిలో ఒకసారి అక్కడికి వెళ్తే రజ పండుగ. భూదేవి ముట్టయిందని మూడు రోజులు నాగలి పట్టరు, నేల తవ్వరు. ఆడపిల్లలు పని మాని ఉయ్యాలలూగుతారు, పోడపిఠా తింటారు. నాలుగోనాడు భూదేవికి స్నానం. మా వియ్యపురాలు తెలుగింటి ఆడపడుచే, ఉయ్యాల మాత్రం ఒడియావాళ్ళకన్నా ఎత్తుకు ఊగింది. భూమికి ఇచ్చిన సెలవు మనిషికి ఇవ్వడానికి ప్రభుత్వాలకు చాలాకాలం పట్టింది. బీహారు 1992లోనే తన ఉద్యోగినులకు నెలకు రెండు రోజులిచ్చింది. కర్ణాటక మంత్రివర్గం 2025లో నెలకొక రోజు జీతంతో సెలవుకు ఒప్పుకుంది. రీలింగులో నిలబడిన మా అవ్వకు ఆ ఒక్కరోజు దొరికి ఉంటే అని అనుకోకుండా ఉండలేను.

మనవరాలి కప్పు దగ్గరికొద్దాం. ఒకటి కొంటే పదేళ్ళ దాకా వస్తుందంటారు. ఇరవై అయిదు, ముప్పై మిల్లీలీటర్లు పడుతుంది. నెల మొత్తానికి పోయేది మామూలుగా ముప్పై, నలభై మిల్లీలీటర్లే, మరీ ఎక్కువైతే ఎనభై. చూడటానికే అంత భయంగా కనిపిస్తుంది. 2019లో లాన్సెట్ పత్రిక వారు 43 అధ్యయనాలను, 3300 మంది అనుభవాలను కలిపి చూసి, కారడంలో పట్టీలకన్నా కప్పు అధ్వాన్నమేమీ కాదన్నారు. ఆ ఏడే కేరళలో అలప్పుళ పురపాలక సంఘంలో ఐదు వేల కప్పులు పంచారు. 2022లో కుంబళంగి పంచాయతీ పట్టీలు లేని ఊరని ప్రకటించుకుంది. అందరికీ సరిపడుతుందని నేను అనను. పెళ్ళికాని పిల్లకు లోపల పెట్టుకునేదా అని మా అక్క గుండె బాదుకుంది. అలవాటు కావడానికి మూడు నాలుగు నెలలు పట్టిందని పిల్ల కూడా ఒప్పుకుంది. మూడో నెలలో విసిగి విసిరికొట్టిందట. కడుక్కోవడానికి నీళ్ళు, చేతులకు సబ్బు, లోపల గడియ పడే తలుపు కావాలి. మా అక్క బడిలో ఆ మూడూ ఉండి ఉంటే గుడ్డతో కూడా చదువుకునేది.

కప్పు నప్పని రోజుల కోసమని పిల్ల దగ్గర గుడ్డ పట్టీలు కూడా ఉన్నాయి. పువ్వుల నూలు గుడ్డ, గుండీలు పెట్టి కుట్టినవి. ఉతికి మేడ మీద దండెం మీద, నా చీరకూ వాళ్ళ తాత పంచెకూ మధ్య క్లిప్పులు పెట్టి ఆరేసింది. ఎదురింటి తమిళావిడ వాటిని చూసి, మనవడికా అని అడిగింది. కాదని చెప్పాను. ఎక్కడ దొరుకుతాయని అడిగింది.

పిల్ల అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. వీటికి తెలుగులో ఏమంటారని. ముట్టుగుడ్డ అన్నది మా అవ్వ మాట, దానికి నచ్చింది. కప్పుకు నాకు తోచలేదు. బళ్ళారి, హోసూరు, బరంపురం, షోలాపురం, యానాం వైపు మీ అవ్వలు ఈ గుడ్డను ఏమనేవారో, ఎక్కడ ఆరేసేవారో పత్రికకు రాయండి. పేరు వేయొద్దంటే వేయరు.